తొమ్మిదంకెల నంబరు

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకీ ఒకటుంది. కానీ అది పింఛను పుస్తకంలో తప్ప ఇంకెక్కడా చలామణిలో లేదు. సైన్యంలో చేరిన మూడో ఏడు నుంచి లోకమంతా ఆయన్ని హాజరుపట్టీ అనే పిలుస్తుంది. ఎవరైనా ఇంటికి ఫోను చేస్తే భార్య కూడా "హాజరుపట్టీగారు బయటికెళ్ళారండీ" అంటుంది.

ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆయన తుపాకీ పట్టింది బహు తక్కువ. పట్టిందంతా కలమే. సరుకు మోసే లారీల దళంలో గుమాస్తా. డ్రైవర్లు, మెకానిక్కులు, వంటవాళ్ళు అంతా కలిసి నూట పన్నెండు మంది. పొద్దున్నే వాళ్ళని వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి తొమ్మిదంకెల సర్వీసు నంబరు పిలిచి, హాజరు వేసుకోవడం ఆయన పని.

మొదట్లో ఆయనా అందరు గుమాస్తాల్లాగే పుస్తకం చూసి చదివేవాడు. ఒక వానాకాలం దళం కొండదారిలో మకాం మారుస్తుంటే ఆ పుస్తకం తడిసి ముద్దయింది. రెండు కాగితాలు అంటుకుపోయిన సంగతి చూసుకోకుండా అందరూ ఉన్నారని చెప్పేశాడు. కిందికి దిగాక తేలింది, ఒక లారీ, ఒక డ్రైవరు తక్కువ. బండి చెడిపోయి ఆ డ్రైవరు రెండు రోజులు కొండమీద ఒంటరిగా, నానిపోయిన బిస్కెట్లు తింటూ కూర్చున్నాడు. తీసుకురావడానికి వెళ్ళిన బండిలో హాజరుపట్టీ కూడా ఉన్నాడు. డ్రైవరు కొట్టలేదు, తిట్టలేదు. "నన్ను లెక్కలో మర్చిపోయావట్రా?" అని మాత్రం అడిగాడు.

ఆ మాట ఆయన గుండెల్లో దిగబడిపోయింది. వారం తిరిగేసరికి నూట పన్నెండు నంబర్లూ బట్టీ పట్టేశాడు. ఆ తర్వాత పుస్తకం తెరిచింది లేదు. నంబరుతోపాటు ఎవరు ఎప్పుడు చేరారు, ఎప్పుడు దెబ్బ తగిలింది, ఎప్పుడు ఇంటికి పోయారు, అన్నీ ఆ బుర్రలోనే. "పాలపాకెట్టు తెమ్మంటే మర్చిపోతారు గానీ, ముప్ఫయ్యేళ్ళ కిందట వంటాయన చెయ్యి కాలిన తారీకు అడగండి, వారంతో సహా చెబుతారు" అని భార్య దెప్పుతూ ఉంటుంది.

కొండమీద వదిలేసి వచ్చిన ఆ డ్రైవరే తర్వాత ఆయనకి ప్రాణస్నేహితుడయ్యాడు. ఒకసారి మరమ్మతు షెడ్డులో గాలి నింపే ట్యాంకు పేలి అతని రెండు చెవులూ దెబ్బతిన్నాయి. అప్పట్నుంచి తన గొంతు తనకి వినపడక, ఏం మాట్లాడినా వీధి చివరికి వినపడేట్టు మాట్లాడతాడు. అందుకని హారన్ అన్నారు. ఈ హారన్‌కి తన సర్వీసు నంబరు ఏనాడూ నోటికి రాలేదు. ఏ ఆఫీసులో అడిగినా పక్కకి తిరిగి, "అది మా హాజరుపట్టీకి తెలుసు. ఒకసారి వదిలేసి పోయాడు, ఇక జన్మలో వదలడు" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా హాజరుపట్టీకి ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

రిటైరయ్యాక కూడా నెలకోసారి, మొదటి ఆదివారం, ఒక బడి హాల్లో పాతవాళ్ళంతా కలుస్తారు. ముందు హాజరు. ఆయన గోడవైపు చూస్తూ నంబర్లు పిలుస్తాడు. ఉన్నవాళ్ళు పలుకుతారు. పోయినవాళ్ళ నంబరు వచ్చినప్పుడు అందరూ బల్లమీద ఒక్క దెబ్బ కొడతారు. ఆ పావుగంటా ఆయన మామూలు ముసలాయన కాదు. మిగిలిన నెలంతా ఆయన్ని పట్టించుకునే నాథుడు లేడు. భార్య బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంటే గుండీలకి దారం ఎక్కించి ఇస్తూ కూర్చుంటాడు.

అలాంటి మనిషిని ములగచెట్టు ఎక్కించడం ఎంతసేపు?

ఎక్కించినవాడు తనని తాను సలహాదారు అని చెప్పుకున్నాడు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, నిటారు నడుం. తనూ సైన్యంలో పనిచేశానన్నాడు, ఎక్కడో ఎవరికీ అంతు చిక్కలేదు. పాత సైనికులకి రావలసిన వైకల్య పింఛన్లు, చికిత్స సాయం ఇప్పిస్తాడట. ఒక ఆదివారం హాలు వెనక నిలబడి హాజరంతా విన్నాడు. అయిపోయాక వచ్చి హాజరుపట్టీకి సెల్యూట్ కొట్టాడు.

"సర్, మీలాంటి జ్ఞాపకశక్తి నేనెక్కడా చూళ్ళేదు. మా ఆఫీసుకి ఒక్కసారి రండి. మావాళ్ళు కూడా వినాలి."

ఆయనకి ఎవరైనా సెల్యూట్ కొట్టి పదకొండేళ్ళు దాటింది. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. అద్దాల తలుపు, చల్లటి గది, సాసరుతో సహా కప్పులో టీ, ప్లేటు నిండా బిస్కెట్లు. నలుగురు ఉద్యోగులు కుర్చీలు లాక్కుని చుట్టూ కూర్చున్నారు. సలహాదారు తన ఫోను బల్లమీద బోర్లా పెట్టాడు. "హాలులో నంబర్లే విన్నాం సర్. తారీకులు కూడా చెబుతారటగా?" అన్నాడు.

హాజరుపట్టీ లేచి నిలబడ్డాడు. చేతులు పక్కకి పెట్టుకుని, చూపు గోడమీద పెట్టి మొదలెట్టాడు. నంబరు, చేరిన తారీకు, దెబ్బ తగిలితే ఎక్కడ, ఎప్పుడు, రిటైరైన తారీకు. నూట పన్నెండు మందివీ. హారన్ దగ్గరికొచ్చేసరికి ఇంకాస్త హుషారొచ్చి, ట్యాంకు పేలినప్పుడు గాయం రిపోర్టు తనే రాశానని, అందులో వాక్యాలు కూడా అప్పజెప్పాడు. ఎవరూ అడగని సంగతులు కూడా చెప్పాడు. నాకైతే ఇక్కడ ఆయన భుజం పట్టుకుని కుదపాలనిపిస్తుంది. కానీ అయిపోయాక ఆ నలుగురూ లేచి చప్పట్లు కొట్టారు. మీకైనా నాకైనా అంతసేపు ఎవరు కొట్టారు గనక?

వారానికి అద్దం కట్టిన ఒక సర్టిఫికెట్ ఇంటికొచ్చింది. ఆయన ఫొటో, కింద బంగారు రంగు అక్షరాల్లో 'గౌరవ సలహాదారు'. దాన్ని ముందుగదిలో, తలుపు తీయగానే కనపడేట్టు కొట్టాడు. భార్య కుట్టుమిషను దగ్గర్నుంచి ఒకసారి చూసి, "ఏం సలహా ఇచ్చారండీ వీళ్ళకి?" అని అడిగింది. "నీకు చెబితే అర్థం కాదులే" అన్నాడు. నిజానికి ఆ ప్రశ్నకి జవాబు ఆయనకీ తెలియదు.

ఏప్రిల్‌లో హారన్ ఇంటికి ఫోనొచ్చింది. హారన్‌కి ఫోను వినపడదు కాబట్టి కోడలు తీసింది. అవతలి గొంతు ఎంతో మర్యాదగా, మీ మామగారి సర్వీసు నంబరు ఇదే కదమ్మా అని తొమ్మిదంకెలూ చదివింది. చేరిన తారీకు, షెడ్డులో ట్యాంకు పేలిన తారీకు, ఏ చెవికి ఎక్కువ దెబ్బ తగిలిందో కూడా చెప్పింది. చెవుల వైకల్యం కింద దరఖాస్తు పెడితే రెండు చెవులకీ మంచి వినికిడి మిషన్లు, జీవితాంతం వైద్యం వస్తాయని, తామే అన్నీ చూసుకుంటామని చెప్పింది. కోడలు చదువుకున్న పిల్ల, అనుమానం వచ్చి మామగారికి కాగితంమీద రాసి చూపించింది. హారన్ పెద్దగా నవ్వాడు.

"నా నంబరు నాకే తెలీదు కదమ్మా! వాళ్ళకి తెలుసంటే ఆఫీసువాళ్ళే అయుంటారు. ఇంకెవరికి తెలుస్తుంది?"

అదీ సంగతి. ఇంకొకరైతే అవతలివాడికి ఎంత తెలిసినా మోసగాడేమో అనుకునేవాళ్ళు. జీవితమంతా తన నంబరు వేరేవాళ్ళ నోట విన్న మనిషికి అది రుజువైపోయింది. వాళ్ళు పంపిన ఒప్పందం మీద సంతకం పెట్టాడు, ఫోనుకొచ్చిన ఓటీపీలు కోడలి చేత చెప్పించాడు. ఒప్పందంలో చిన్న అక్షరాల్లో, రాబోయే వైకల్య పింఛనులో మూడేళ్ళపాటు సగం వాళ్ళదని ఉంది. ప్రభుత్వ సైనిక సంక్షేమ ఆఫీసులో ఇదే పని పైసా తీసుకోకుండా చేసిపెడతారని అతనికి తెలియదు. ఓటీపీలతో వాళ్ళు ముందుగా చేసింది, ఫైల్లో హారన్ చిరునామా, ఫోను నంబరు తీసేసి తమవి పెట్టుకోవడం.

హారన్‌కి ఆ మిషన్లు ఎందుకు కావాలో కూడా చెప్పాలి. నాలుగేళ్ళ మనవరాలు ఉంది. గొంతు చిన్నది. తాతయ్య ఒళ్ళో కూర్చుని ఏదేదో చెబుతుంది. అతను వినపడినట్టే తలూపుతాడు, నవ్వుతాడు. ఒకరోజు తన బొమ్మ విరిగిపోయిందని ఏడుపుగొంతుతో చెబుతుంటే కూడా నవ్వాడు. పిల్ల బిత్తరపోయి దిగి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఏదున్నా నానమ్మకే చెబుతోంది.

ఆగస్టులో హారన్ ఒక ఉత్తరం పట్టుకుని హాజరుపట్టీ ఇంటికొచ్చాడు. వెనకాలే కోడలు, మొహం పాలిపోయి ఉంది. ఉత్తరం సంక్షేమ ఆఫీసు నుంచి. చెవుల పరీక్షకి రెండుసార్లు పిలిచినా దరఖాస్తుదారు రాలేదు కాబట్టి దరఖాస్తు మూసేశారు. కారణం అన్న చోట ఒకే మాట టైపు చేసి ఉంది: గైర్హాజరు.

హాజరుపట్టీ ఆ మాట మీద నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాడు.

"నేనిక్కడే ఉన్నాను కదరా!" అన్నాడు హారన్, కిటికీలు అదిరేట్టు. "ఎవడు పిలిచాడు నన్ను? ఎప్పుడు పిలిచాడు?"

పిలుపులన్నీ సలహాదారు చిరునామాకి పోయాయి. వాళ్ళకి ఇలాంటివి వందలు, ఇదొకటి మూలపడిపోయింది. అడిగితే, మళ్ళీ తెరిపించాలంటే ఇంకో ఒప్పందం రాయాలన్నారు. ఇక్కడికి రాకముందే కోడలికి ఒళ్ళు మండి సంక్షేమ ఆఫీసుకి పోయొచ్చింది. అక్కడి ఆఫీసరు మేడమ్ అంతా విని, అప్పీలుకి ఇంకా పది రోజుల గడువుందని చెప్పింది.

"బాబాయిగారూ, ఆ మేడమ్ ఒకటే అడుగుతున్నారు. సంతకం ఉంది, ఓటీపీ ఉంది, కాబట్టి మామయ్యగారే అన్నీ ఇచ్చారని పైవాళ్ళు అనుకుంటారట. అసలు ఆ నంబరు, ఆ తారీకులు వాళ్ళ చేతికి ఎలా వెళ్ళాయో ఎవరైనా రాసిస్తే మోసమని నిరూపించొచ్చంట. మీకేమైనా తెలుసా?"

తలుపు పక్కన గోడమీద సర్టిఫికెట్ ఉంది. కోడలు దానికి వీపు పెట్టి నిలబడింది. ఆ క్షణంలో చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.  కానీ హాజరుపట్టీ నోరు ఆయన ప్రమేయం లేకుండానే కదిలింది.

"సంక్షేమ ఆఫీసు రికార్డు గదిలో ఉన్నవాళ్ళే ఎవరో ఉప్పందించి ఉంటారమ్మా. ఫైళ్ళు వాళ్ళ చేతుల్లోనే కదా ఉండేది."

రికార్డు గదిలో ఉన్నది ఒక్క మనిషే. ఉద్యోగం ఇంకో రెండేళ్ళుంటుందేమో, మందపాటి కళ్ళద్దాల గుమాస్తమ్మ. హాజరుపట్టీ వెళ్ళినప్పుడల్లా, "మనిద్దరిదీ ఒకటే కులం సర్, కాగితాల కులం" అని నవ్వేది. మర్నాడే హారన్ వెళ్ళి ఆమె కౌంటరు ముందు నిలబడి అరిచాడు. నా చెవులు అమ్ముకున్నావా అన్నాడు. కారిడారంతా లేచి నిలబడింది. ఆమె ఏదో చెప్పబోయింది గానీ అతనికి వినపడలేదు. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయిందట. ఈ సంగతి హారనే వచ్చి చెప్పాడు, గెలిచొచ్చినవాడిలా.

హాజరుపట్టీకి తల కొట్టేసినట్టయింది.  తర్వాతి రోజుల్లో వీధిలోకి పోవడం మానేశాడు. ఫోను మోగితే భార్య వైపు చూసి చెయ్యి ఊపేవాడు, ఆమె "బయటికెళ్ళారండీ" అనేది. మొదటి ఆదివారం వచ్చింది, ఒంట్లో బాగాలేదన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి హాజరు వేయాల్సినవాడే గైర్హాజరు. తను ఎవరినైనా తోసేసి బతికే రకం కాదని అనుకుంటూ ఉండేవాడు. అవసరం వస్తే రెండు నిమిషాల్లో తోసేశాడు, అదీ తన పనే చేసుకునే మనిషిని. ఆ సిగ్గు ముందు నంబర్లు చెప్పేసిన సిగ్గు చిన్నదైపోయింది.

ఒక పొద్దున సర్టిఫికెట్ మేకు నుంచి తీసి మంచం కిందికి తోశాడు. తీసినచోట గోడ తెల్లగా చతురస్రంలా మిగిలింది. దాన్ని దాచడానికి క్యాలెండరు తగిలించాడు, అది సరిపోలేదు. తేలు కుట్టిన దొంగలా ఆయన అటూ ఇటూ తిరగడం భార్య కుట్టుమిషను మీద నుంచి చూస్తూనే ఉంది.

"ఏవండీ, ఆ పటం ఏమైంది?"

"అద్దం పగిలింది."

"నేను పొద్దున్నే ఊడ్చాను. ఒక్క ముక్క తగల్లేదు."

ఆయన వచ్చి మిషను పక్కన పీటమీద కూర్చున్నాడు. గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని అంతా చెప్పాడు. మార్చి నుంచి, టీ కప్పు నుంచి, చప్పట్లతో సహా. ఆమె మిషను ఆపి, సగం కుట్టిన చొక్కా చెయ్యి మడుచుకుంటూ వింది.

"నంబర్లు చెప్పారని నాకు కోపం లేదండీ. పొగిడారు, పొంగిపోయారు. ఎవరైనా పొంగిపోతారు. కానీ ఆ గుమాస్తమ్మ మీద తోశారు చూడండి..." ఆమె చొక్కాని మిషను మీద పెట్టింది. "ఆవిడ మనవడి యూనిఫారాలు నేనే కుడుతున్నాను. పోయిన వారం కొలతలివ్వడానికి వచ్చింది. మీరు లోపల దాక్కుంటే, సర్‌కి ఒంట్లో ఎలా ఉందని అడిగింది. నాకిప్పుడు ఆవిడ మొహం ఎలా చూడాలో తెలియట్లేదు."

ఆయన గుండీల డబ్బా మూసి కింద పెట్టాడు. 

"గడువు ఎప్పటిదాకా?"

"శుక్రవారం."

"ఇవాళ గురువారం," అంటూ ఆమె లేచి ఆయన ఇస్త్రీ చొక్కా తీసి కుర్చీమీద వేసింది.

హాజరుపట్టీ రాయడంలో దిట్ట. అరగంటలో వాంగ్మూలం రాసేశాడు. ఏ రోజు, ఏ గదిలో, ఎవరెవరి ముందు, ఏమేం చెప్పాడో అన్నీ. ఫోను బోర్లా పెట్టిన సంగతి కూడా వదల్లేదు. కవరులో పెట్టి అంటించాడు. ఆయన లెక్క ఏమిటంటే, కవరు మేడమ్ చేతికిచ్చి, దణ్ణం పెట్టి, ఎవరూ చూడకుండా వచ్చేయడం. సిగ్గుపడటానికి కూడా ఆయన కాగితమే వెతుక్కున్నాడు.

సంక్షేమ ఆఫీసు కారిడార్లో పొడుగాటి బెంచీలున్నాయి. గోడమీద, దరఖాస్తులకి సాయం చేసే అనుమతి ఉన్నవాళ్ళ పేర్ల జాబితా, కింద పెద్ద అక్షరాల్లో ఏ సాయానికీ రుసుము లేదన్న మాట. అది ఎన్నేళ్ళ నుంచి అక్కడుందో. మేడమ్ గది తలుపు వేసి ఉంది. బెంచీమీద పన్నెండుమందిదాకా కూర్చున్నారు, కర్రలవాళ్ళు, కట్లవాళ్ళు, నల్లసంచీలతో వాళ్ళ భార్యలు. కౌంటరు వెనక గుమాస్తమ్మ రిజిస్టరు మీదికి వంగి ఉంది. బెంచీ చివర హారన్, పక్కన కోడలు.

వెనక్కి తిరిగి పోదామనుకున్నాడు. అప్పటికే హారన్ చూసేశాడు.

"వచ్చావా! ఒంట్లో బాగాలేదన్నారు! రా, కూర్చో!" అని పక్కకి జరిగి చోటిచ్చాడు. "రేపే ఆఖరట. ఎవరూ దొరకలేదురా. నువ్వయినా వచ్చావు, చాలు!"

ఆ చోటులో కూర్చోలేకపోయాడు. హారన్ ముందు నిలబడి, చెవి దగ్గరికి వంగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"నీ నంబరు వాళ్ళకి చెప్పింది నేనేరా."

కోడలు విని చటుక్కున తలెత్తింది. పక్కనున్న కర్రల ముసలాయన కూడా విన్నాడు. హారన్ మాత్రం అరచెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఏంటీ? గట్టిగా చెప్పు!"

"నంబరు... నేనే చెప్పాను వాళ్ళకి."

"నంబరు అడుగుతున్నారా? చెప్పు మరి, నీకు తెలుసుగా!"

బెంచీమీద ఎవరో నవ్వి ఆపుకున్నారు. హాజరుపట్టీ చెయ్యి కవరు మీదికి పోయింది. కవరు తీసి చేతిలో పెడదామా అంటే హారన్ కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయాడు, కోడలు చదివి వినిపించాలి, ఆ పిల్ల మాత్రం ఎంత గట్టిగా చదవగలదు? ఆయన తలెత్తి చూస్తే కౌంటరు వెనక గుమాస్తమ్మ రాయడం ఆపేసి ఇటే చూస్తోంది.

ఇక దాక్కునే చోటు లేదు. ఆయన నిటారుగా నిలబడ్డాడు. చేతులు పక్కకి పెట్టుకున్నాడు. నూట పన్నెండు మందికి వినపడేట్టు పిలిచిన గొంతు ఒకటుంది ఆయన దగ్గర, దాన్ని బయటికి తీశాడు.

"నీ సర్వీసు నంబరూ, ట్యాంకు పేలిన తారీకూ, అన్నీ ఆ సలహాదారుడికి చెప్పింది నేను! మార్చిలో, వాళ్ళ ఆఫీసులో నిలబడి చెప్పాను! నన్ను పొగిడారని చెప్పాను! ఈ గుమాస్తమ్మగారికి ఏ పాపమూ తెలీదు! ఆవిడ మీద నేనే అబద్ధం చెప్పాను!"

గొంతు గోడలకి కొట్టుకుని మళ్ళీ ఆయన చెవుల్లోకే వచ్చింది. మేడమ్ గది తలుపు తెరుచుకుంది. ఎక్కడివాళ్ళు అక్కడ ఉండిపోయారు.

హారన్ మొహంలో నవ్వు వెంటనే పోలేదు. అది పోవడానికి కొంచెంసేపు పట్టింది, అదే చూడలేకపోయాడు హాజరుపట్టీ.

"నేనావిడని తిట్టొచ్చి నీకు చెప్పినప్పుడు..." చెవులు పోయాక హారన్ గొంతు మొదటిసారి చిన్నదైంది. "అప్పటికే తెలుసా నీకు?"

తెలుసని తలూపాడు.

హారన్ లేచాడు. హాజరుపట్టీని తప్పించుకుని కౌంటరు దగ్గరికెళ్ళి, రెండు చేతులూ జోడించి, "తప్పయిపోయిందమ్మా!" అన్నాడు, మళ్ళీ పాత గొంతుతో. ఆమె అయ్యో వద్దండీ అంటూ లేచింది. హాజరుపట్టీ కూడా వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఆమె ఆయన వైపు చూసి, మళ్ళీ రిజిస్టరులోకి తల వంచుకుంది. ఆమె ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఆయనకి ఎంత బాగుండేదో.

గదిలో మేడమ్ కవరు చించి వాంగ్మూలం రెండుసార్లు చదివింది. ఇది చాలంది. చిరునామా మార్చింది వాళ్ళేనని, సమాచారం మాయచేసి లాక్కున్నారని ఇప్పుడు రాయొచ్చు. ఒప్పందం చెల్లదని, చెవుల పరీక్షకి కొత్త తారీకు ఇవ్వాలని తనే పైకి రాస్తానంది. తర్వాత కళ్ళెత్తింది.

"ఈయనవి కాక ఇంకెవరివి చెప్పారు?"

"అందరివీ మేడమ్. నూట పన్నెండు."

మేడమ్ కలం కింద పెట్టింది. అందులో బతికున్నవాళ్ళు డెబ్బై నలుగురు. పోయినవాళ్ళలో చాలామంది భార్యలకి పింఛన్లు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ ఆయనే ఫోను చేసి, తన నోటి నుంచే నంబరు బయటికి పోయిందని చెప్పి, ఎవరికీ సంతకం పెట్టొద్దని, ఓటీపీ చెప్పొద్దని, నేరుగా ఇక్కడికే రమ్మని చెప్పాలి. చేస్తానన్నాడు. ఇవాళ అరిచింది ఒక్కసారి. ఇంకా వందసార్లు చెప్పుకోవాలి.

"అప్పీలు మీద సర్వీసు నంబరు వేయాలి" అంది మేడమ్, కాగితం జరుపుతూ.

హారన్ అలవాటుకొద్దీ హాజరుపట్టీ వైపు తిరిగాడు. తిరిగాక గుర్తొచ్చింది కాబోలు, చూపు తిప్పుకున్నాడు. తలుపు తెరిచే ఉంది, కారిడార్లో మనుషులున్నారు. హాజరుపట్టీ నోరు తెరవలేదు. కలం తీసుకుని, ఎడమచెయ్యి అడ్డం పెట్టి, తొమ్మిదంకెలూ రాశాడు. అవేమిటో నేనూ ఇక్కడ చెప్పను, ఇప్పటికే వినకూడనివాళ్ళు చాలామంది విన్నారు. హారన్ కోడలి చేత ఆ నంబరుని ఒక చీటీమీద పెద్ద అంకెల్లో రాయించుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇక నేనే నేర్చుకుంటాన్లే" అన్నాడు. కోపంగా అనలేదు. అదే హాజరుపట్టీకి చెప్పుతో కొట్టినట్టయింది.

ఇంటికి పోయే బస్సు ముగ్గురికీ ఒకటే. హారన్, కోడలు ఎడమవైపు వరసలో ముందు కూర్చున్నారు. హాజరుపట్టీ రెండు వరసల వెనక, కుడివైపున కూర్చున్నాడు. అక్కణ్ణుంచి హారన్ మొహం ఒకపక్క కనపడుతోంది. చీటీ చూస్తున్నాడు, దాన్ని మడిచి జేబులో పెడుతున్నాడు, కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. గొంతు పైకి రావడం లేదు. ఆ పెదాలని ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్నవాడికి ప్రతి అంకే తెలిసిపోతోంది. నాలుగు వరకూ బాగానే వచ్చాయి. అయిదో అంకె తప్పు.

మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ అయిదో అంకె దగ్గర అదే తప్పు.

హాజరుపట్టీకి నాలుక చివరిదాకా వచ్చింది. బస్సు నిండా జనం. నోరు గట్టిగా మూసుకుని, కిటికీ వైపు తిరిగాడు. తను ఇక ఆ నంబరు జోలికి పోకూడదు, ఆ హక్కు పొద్దునే పోయింది. బస్సు రెండు స్టాపులు దాటింది.

మళ్ళీ ఇటు చూసేసరికి హారన్ వెనక్కి తిరిగి తననే చూస్తున్నాడు. చీటీ జేబులోనే ఉంది, తీసి చూసుకోవచ్చు. తీయలేదు. కనుబొమలు కొంచెం పైకెత్తి, తప్పా అన్నట్టు చూశాడు.

హాజరుపట్టీ తలూపాడు. చెయ్యి ముందు సీటు వెనక నుంచి కొద్దిగా పైకి లేపి, వేరెవరికీ కనపడకుండా, వేళ్ళతో ఆ అంకె చూపించాడు. బస్సు కుదిపింది, అందుకని రెండోసారి చూపించాల్సొచ్చింది.

హారన్ వేళ్ళు చూశాడు, మనిషిని చూడలేదు. ముందుకి తిరిగి, కళ్ళు మూసుకుని, మొదటి అంకె నుంచి మళ్ళీ మొదలెట్టాడు.